చక్రానికంటిన నేల: ఐటీ కారిడార్ నుంచి పల్లెబాటకు వెళ్ళివచ్చే వాహనాలు, వాటి ప్రక్షాళన

హైదరాబాద్ పడమటి అంచున 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలలో గ్రానైటు గుట్టలు, వాటి నడుమ చెరువులు, మెట్ట చేలు ఇంకా మిగిలి ఉండేవి. నేడు అక్కడ బయలుదేరిన వాహనం బాహ్యవలయ రహదారిని దాటి, మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా వికారాబాద్ చేరుకోవడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. శంకరపల్లి, చేవెళ్ళ, వికారాబాద్ పరిసరాలలో ఐటీ ఉద్యోగులు కొనుగోలు చేసిన వ్యవసాయ క్షేత్రాలు, కూరగాయల తోటలు, పూల పాలీహౌస్‌లు ఉన్నాయి. శని, ఆదివారాలలో ఈ క్షేత్రాలకు, అనంతగిరి కొండల వైపుకు ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల రాకపోకలు వానకాలంలో కూడా తగ్గడం లేదు.

ఆ వాహనాలు ఆదివారం సాయంత్రం మడ్‌గార్డుల దాకా బురదతో నగరానికి తిరిగి వస్తాయి. మరునాడు ఏ వాటర్ సర్వీసింగ్ కేంద్రంలోనో, అపార్టుమెంటు సెల్లారులోనో వాటిని కడుగుతారు. యజమాని దృష్టిలో అది వాహన శుభ్రత. సేద్యం దృష్టితో చూస్తే మాత్రం, కడగవలసిన చోటును డెబ్బై కిలోమీటర్ల వెనుక వదిలి వచ్చిన తరువాత చేసిన పని అది. చేను గట్టున అంటిన మట్టిలో కొంత భాగం దారిలో మరొక ఊరి పొలిమేరలో రాలిపోతుంది, మిగిలినది నగరపు మురుగు కాలువలో చేరుతుంది. మొదటి దాని వల్ల పంటకు ముప్పు, రెండవ దాని వల్ల నీటికి చేటు. ఒకే రోజున మూడు నాలుగు గ్రామాలు తిరిగే విస్తరణ విభాగపు జీపు విషయంలో ఈ ముప్పు మరింత ఎక్కువ. వారాంతపు సందర్శకుడు సాధారణంగా ఒక క్షేత్రానికి వెళ్ళి వస్తాడు. జీపు మాత్రం తెగులు సోకిన చేల నుంచే తెగులు లేని చేలకు వెళుతుంది.

రెండు నేలలు, రెండు రకాల బురద

హైటెక్ సిటీ చుట్టుపక్కల ఉన్నది గ్రానైటు, నీసు శిలలు శిథిలమై ఏర్పడిన ఎర్ర నేల. తెలంగాణ రైతు దీనిని చల్కా అనీ, ఇసుక పాలు మరీ ఎక్కువైతే దుబ్బ అనీ వ్యవహరిస్తాడు. పడమరకు సాగిన కొద్దీ గ్రానైటు స్థానంలో దక్కను బసాల్టు శిల కనిపించడం మొదలవుతుంది, దానితో పాటే నల్లరేగడి. అనంతగిరి కొండల నెత్తిన లాటరైటు కప్పు ఉంది. తాండూరు వైపు సున్నపురాయి పరచిన ప్రాంతంలో మళ్ళీ లోతైన నల్ల నేలలు. అంటే ఒక్క ప్రయాణంలోనే వాహనం పరస్పర విరుద్ధ స్వభావాలు గల నేలలను తాకి వస్తుంది. పటాన్‌చెరులో 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ ప్రాంగణంలో ఎర్ర నేల, నల్ల నేల రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వాన వెలిసిన మరునాడు ఆ రెండింటి మీద నడిచి చూసిన విద్యార్థికి చెప్పులే పాఠం చెబుతాయి.

భేదానికి మూలం బంకమన్ను ఖనిజంలో ఉంది. ఎర్ర నేలల బంకమన్నులో కెయొలినైట్ జాతి ఖనిజం ప్రధానం. దాని పొరలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కొని ఉండడం వల్ల వాటి నడుమకు నీరు చొరబడదు. ఒక గ్రాము కెయొలినైట్ ఉపరితల వైశాల్యం 10 నుంచి 20 చదరపు మీటర్లు మాత్రమే. నల్లరేగడిలో ప్రధానమైన మాంట్‌మొరిల్లొనైట్ పొరల నడుమ బంధం సడలినది. నీరు లోపలికి చేరి పొరలను ఎడబాపుతుంది, ఖనిజం ఉబ్బుతుంది. దాని ఉపరితల వైశాల్యం గ్రాముకు 700 నుంచి 800 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. పైగా నల్ల నేలలలో బంకమన్ను పాలు సాధారణంగా 40 నుంచి 60 శాతం. వేసవిలో నెర్రెలు విచ్చే నేలే వానకాలంలో టైరును వదలని అడుసు కావడం వెనుక ఉన్నది ఇదే గుణం.

తడి పెరిగిన కొద్దీ బంకమన్ను గట్టి గడ్డ స్థితి నుంచి పిండి ముద్ద స్థితికి, అక్కడి నుంచి జారుడు ద్రవ స్థితికి మారుతుంది. ఈ మార్పులు జరిగే తేమ శాతాలకు మొట్టమొదట హద్దులు నిర్ణయించిన స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఆటర్‌బర్గ్ వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడే. 1911 ప్రాంతంలో ఆయన సేద్యపు నేలల కోసం ప్రతిపాదించిన ఈ హద్దులను తరువాతి కాలంలో రోడ్లు, పునాదులు కట్టే ఇంజనీర్లు తమవిగా చేసుకొన్నారు. మన రైతు 'పదును' అని పిలిచే తేమ స్థితి సుమారుగా ముద్ద హద్దుకు కొంచెం దిగువన ఉంటుంది. పదును దాటిన నల్ల నేల నాగలికి ఎలా అంటుకుంటుందో టైరుకూ అలాగే అంటుకుంటుంది. ముద్ద హద్దుకూ ద్రవ హద్దుకూ నడుమనున్న తేమలోనే లోహానికి, రబ్బరుకు మట్టి అతుక్కొనే శక్తి మిక్కిలి ఎక్కువ. కెయొలినైట్ నేలల్లో ఈ రెండు హద్దుల మధ్య దూరం తక్కువ. నల్లరేగడిలో ద్రవ హద్దు 50 శాతానికి మించి ఉండడం మామూలు, కాబట్టి అతుక్కొనే తేమ వ్యాప్తి కూడా విశాలం. వాహనం నడపడంలోను, కడగడంలోను ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

బాట మీద

ఎర్ర నేల బండి బాట మీద వాన కురిసినప్పుడు నీరు త్వరగా ఇంకుతుంది లేదా గండ్లు కొట్టి పారుతుంది. ఇక్కడి ప్రమాదం జారుడు కంటే కోత. మర్నాటికి బాట సాధారణంగా బండి నడిచే స్థితికి వస్తుంది. నల్ల నేల బాట వరసగా రెండు వానలు పడితే అనేక రోజులు కోలుకోదు. టైరు గాడులలో అడుసు నిండి, టైరు నున్నని రోలర్‌గా మారుతుంది. అప్పుడు నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందుతున్నా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే పట్టు లేనిది టైరుకు కాదు, టైరు చుట్టూ అతుక్కొన్న మట్టికి.

మెత్తని నేల మీద టైరు మోపే ఒత్తిడి ఇంచుమించు టైరులోని గాలి ఒత్తిడికి సమానంగా ఉంటుంది. తారు రోడ్డు మీద 32 నుంచి 35 పి.ఎస్.ఐ. ఉండే గాలిని 18 నుంచి 20కి తగ్గిస్తే టైరు నేలను తాకే పొడవు పెరిగి, కూరుకుపోయే లోతు తగ్గుతుంది. అంతకంటే బాగా తగ్గించినట్లయితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపుకోవడం తప్పనిసరి, తక్కువ గాలితో వేగంగా నడిస్తే టైరు వేడెక్కి పగులుతుంది. అయితే పైన పలుచని అడుసు, కింద గట్టి మొరం ఉన్న బాటలో ఈ సూత్రం తలకిందులవుతుంది. అక్కడ సన్నని టైరే అడుసును కోసుకొని గట్టి పొరను అందుకుంటుంది. పూర్వపు ఎడ్లబండికి ఎత్తైన, సన్నని, ఇనుప పట్టా బిగించిన చక్రాలు ఉండడం కొరతతో వచ్చిన నిర్మాణం కాదు. అందుకు భిన్నంగా దమ్ము చేసే ట్రాక్టరుకు బిగించే కేజ్ వీల్స్ మడిలో తేలడానికి ఉద్దేశించినవి. అదే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు నాశనమవుతుందని ప్రతి వానకాలంలోనూ అధికారులు హెచ్చరించవలసి వస్తున్నది.

బురద తప్పించుకొనేందుకు బాట వదిలి పక్కచేలోకి చక్రాలు దింపడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. తడి నేలపై చక్రం మొదటిసారి పోయినప్పుడే నేల అణిగిపోవడంలో అధిక భాగం జరుగుతుంది. తరువాతి పర్యాయాలు దానికి కొంచెమే కలుపుతాయి. కనుక వేర్వేరు వాహనాలు వేర్వేరు జాడలు చేసుకోవడం కంటే అన్నీ ఒకే జాడలో పోవడం చేనుకు మేలు. పైపొర అణగడం టైరు ఒత్తిడి మీద ఆధారపడుతుంది. అడుగుపొర అణగడం మాత్రం ఇరుసు మీది మొత్తం బరువును బట్టి ఉంటుంది, దానికి గాలి తగ్గించడం మందు కాదు. నల్లరేగడి ఎండి నెర్రెలిచ్చి, తిరిగి తడిసి ఉబ్బే క్రమంలో కొంతవరకు తనంతట తానే గుల్లబారుతుంది. ఎర్ర చల్కాకు ఆ శక్తి లేదు, ఒకసారి గిడసబారితే లోతు దుక్కి దున్నే వరకు అక్కడ మొలక సరిగా రాదు.

చక్రం దిగబడిన చోట ఇంజను శబ్దం పెంచడం వల్ల గుంత లోతవుతుంది తప్ప వాహనం కదలదు. టైరు గాడులలోని మట్టిని గీకివేసి, చక్రం ముందు రాళ్ళో, కంపలో, కందికట్టెలో పరచి, రెండవ గేరులో నిదానంగా లాగాలి. కందికట్టె విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఎండు తెగులుతో చనిపోయిన చేలోని కట్టె అయితే అందులో శిలీంధ్రం సజీవంగా ఉంటుంది, చక్రంతో పాటు అదీ ప్రయాణిస్తుంది.

వాగుల సంగతి వేరు. 2021 ఆగస్టు చివరలో వికారాబాద్ జిల్లాలో పొంగుతున్న వాగును దాటబోయిన కారు కొట్టుకుపోయి ప్రాణనష్టం జరిగింది. పారే నీరు అడుగు లోతు ఉంటే చిన్న కారును, రెండడుగులు ఉంటే పెద్ద వాహనాన్ని కూడా తేల్చి నెట్టివేయగలదు. ఫోర్ వీల్ డ్రైవ్ చక్రాలకు బలమిస్తుంది, తేలే వాహనానికి బరువునివ్వదు. కాజ్‌వే మీద నీరు కనబడితే వెనుదిరగడమే పద్ధతి.

మట్టితో పాటు ప్రయాణించేవి

వయ్యారిభామ మన దేశంలో 1955 ప్రాంతంలో పుణే వద్ద గుర్తించబడింది. నేడు అది లేని రోడ్డు అంచు అరుదు. ఒక్క మొక్క 15 వేలకు పైబడి విత్తనాలను ఇవ్వగలదు. విత్తనం రెండు మిల్లీమీటర్లకు మించదు, తడి మట్టిలో సులువుగా ఇముడుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఇదే కలుపు పశుగ్రాస భూములను ఆక్రమించినప్పుడు వాహనాలు, కోత యంత్రాలు కడగడానికి రహదారుల పక్కన ప్రత్యేక వేదికలు కట్టవలసి వచ్చింది. మన దగ్గర వరికోత యంత్రాలు రాష్ట్రాలు దాటి ఊరూరా తిరుగుతాయి. వాటి లోపల మిగిలిపోయిన గింజలతో కలుపు వరి, ఊద ఒక మడి నుంచి మరొక మడికి చేరుతున్నాయి. ఆ యంత్రాన్ని ఊరు దాటే ముందు విప్పి దులపమని కోరే రైతులు ఇంకా తక్కువ. పల్లేరు కాయ టైరుకు గుచ్చుకొని, తుంగ గడ్డ చక్రపు లోపలి అంచున ముద్దలో ఇమిడి, బంగారు తీగ విత్తనం మట్టి పెళ్ళలో కలిసి పోతాయి.

తెగుళ్ళ విషయం ఇంతకంటే సూక్ష్మమైనది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పంటకు నేల ద్వారా వచ్చే ప్రధాన శత్రువు ఎండు తెగులు. దీనిని కలిగించే ఫ్యూజేరియం ఉడమ్ శిలీంధ్రం పంట లేకపోయినా మొక్కల అవశేషాలలోను, మందమైన గోడలు గల బీజాల రూపంలోను కొన్నేళ్ళు నేలలో నిలిచి ఉంటుంది. చిటికెడు మట్టి చాలు దానికి. ఇక్కడ అతిశయోక్తికి తావివ్వకూడదు. కంది విస్తారంగా పండే ప్రాంతంలో ఈ తెగులు ఇదివరకే చాలా చేలలో ఉంది, వర్షపు నీరు, నాగళ్ళు, పశువులు దానిని ఇరుగుపొరుగు చేలకు నిత్యం మోస్తూనే ఉన్నాయి. వాటితో పోలిస్తే జీపు చక్రం మోసే పరిమాణం స్వల్పం. అయితే నాగలి ఒక ఊరి పొలిమేర దాటదు. వాన నీరు పల్లానికే పోతుంది. గంటలో యాభై కిలోమీటర్ల దూరానికి, ఎత్తైన చేనుకు, ఇంతకు ముందు ఆ తెగులు ఎరుగని నేలకు మట్టిని చేర్చగలిగినది వాహనమే. నష్టమంతా ఆ దూరంలోనే ఉంది.

అందుకే ముప్పు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. కొత్తగా సాగులోకి తెచ్చిన క్షేత్రం, నర్సరీ, విత్తనోత్పత్తి క్షేత్రం, పాలీహౌస్ అనే నాలుగు చోట్ల ఇది మిక్కిలి ఎక్కువ. చేవెళ్ళ, మొయినాబాద్ చుట్టుపక్కల పాలీహౌస్‌లలో వేరుబుడిపె నులిపురుగులు ఒకసారి ప్రవేశించినట్లయితే ఏడాది పొడవునా ఆతిథేయ పంట, వెచ్చదనం, తడి అందుబాటులో ఉండి అవి విపరీతంగా వృద్ధి చెందుతాయి. లక్షల రూపాయల పెట్టుబడితో వేసిన కప్పు కింద నేలను పూర్తిగా శుద్ధి చేయడం దాదాపు అసాధ్యం. ఆ పాలీహౌస్ గుమ్మం ముందు దాకా సందర్శకుల వాహనాలను రానివ్వడం యజమాని మర్యాదగా భావిస్తాడు. గేటు బయటే ఆపమని చెప్పగలిగే ధైర్యం అతనికి కలిగించవలసింది విస్తరణ శాస్త్రవేత్త.

అరటి పనామా తెగులు నాలుగవ ఉష్ణమండల జాతి ఈ విషయంలో ప్రపంచానికి హెచ్చరికగా నిలిచింది. 2015 మార్చిలో క్వీన్స్‌లాండ్‌లోని టల్లీ లోయలో అది బయటపడినప్పుడు తోటలలో మొదట చేపట్టిన పని మందు చల్లడం కాదు. రాకపోకలకు గేట్లు పెట్టి, లోపలి బండ్లను లోపలే, బయటి బండ్లను బయటే ఉంచి, చక్రాలకు, చెప్పులకు ప్రక్షాళన ఏర్పాటు చేశారు. ఆ జాతి మన దేశంలో బీహార్, ఉత్తరప్రదేశ్ అరటి తోటలలో ఇప్పటికే గుర్తించబడింది. పిలకలతోనూ మట్టితోనూ వ్యాపించే ఆ తెగులుకు నేలలో పనిచేసే నమ్మకమైన మందు లేదు.

క్రిమిసంహారక ద్రావణాల మీద పెట్టుకొన్న నమ్మకం తరచుగా అస్థానంలో ఉంటుంది. మట్టి పట్టిన టైరు మీద బ్లీచింగ్ ద్రావణం పోస్తే అందులోని క్లోరిన్ మట్టిలోని సేంద్రియ పదార్థంతో చర్య జరిపి అక్కడికక్కడే వ్యయమైపోతుంది. పెళ్ళ లోపలి బీజానికి అది చేరదు, పైగా లోహాన్ని తినివేస్తుంది. చాలా వరకు ఇతర ద్రావణాలు కూడా శుభ్రమైన ఉపరితలం మీదే పనిచేస్తాయి. మట్టిని తొలగించడమే ప్రధాన చికిత్స, ద్రావణం దాని తరువాతి మాట.

కడిగే క్రమం

ఎర్ర మట్టికి, నల్ల మట్టికి కడిగే తీరు ఒకటి కాదు. ఎర్ర నేల బురదలో క్వార్ట్జ్ ఇసుక రేణువులు ఎక్కువ. అవి వాహనపు రంగు పూత కంటే ఎంతో కఠినమైనవి. ఎండిన తరువాత గుడ్డతో తుడిస్తే రంగు మీద గీతలు పడడం ఖాయం. దానిని తాకకుండా ధారాళంగా నీరు వదిలితే రేణువులు వాటంతట అవే జారిపోతాయి. నల్లరేగడి విషయంలో సగం తడి సగం పొడి ప్రయత్నమే అసలు పొరపాటు. ఎండబోతున్న ముద్ద మీద ఒక బకెట్ నీళ్ళు చల్లినప్పుడు అది మళ్ళీ అతుక్కొనే తేమ స్థితిలోకి వెళ్ళి మునుపటి కంటే గట్టిగా పట్టుకుంటుంది. దీనికి మార్గాలు రెండే. కొంచెం ఆరనిచ్చి, ముద్ద హద్దుకు దిగువకు తేమ తగ్గిన తరువాత చెక్క బద్దతో పెళ్ళలుగా రాల్చాలి. లేదా ద్రవ హద్దును దాటేంత నీటిని ఒకేసారి ఇచ్చి, పది పదిహేను నిమిషాలు నాననిచ్చి, పీడన ధారతో కడగాలి. నీటి ఎద్దడి ఉన్న మెట్ట ప్రాంతంలో మొదటి పద్ధతే యోగ్యమైనది, ఎందుకంటే మూడొంతుల మట్టి నీటితో పని లేకుండానే అదే చేలో ఉండిపోతుంది.

కడిగే చోటు చేనుకు ఆనుకొని, గడ్డి పెరిగిన లేదా మొరం పరచిన గట్టి నేల కావాలి. కారిన నీరు అదే చేలోకి తిరిగి పోయే వాలు ఉండాలి, బావి, బోరు, వాగు సమీపంలో ఉండకూడదు. ముందుగా లోపల పెడళ్ళు, రబ్బరు చాపలు, చెప్పుల అడుగులు చూసుకోవాలి. చాలామంది వాహనమంతా మెరిపించి, కాలి కింది చాప మీద గుప్పెడు మట్టిని ఇంటికి తెస్తారు. ఆ తరువాత పైనుంచి కిందికి పని సాగాలి. చక్రాల లోపలి అంచులు, మడ్‌గార్డుల మలుపులు, ఛాసిస్ గొట్టాలు, ఇరుసు మీది అరలు మట్టి దాగే ముఖ్య స్థానాలు. పార, జాకీ, లాగే గొలుసు, కూరుకుపోయినప్పుడు వేసే పలకలను కూడా మరువరాదు. కడగడం పూర్తయిన తరువాత వాహనాన్ని అర చక్రం మేర ముందుకు జరిపి, అంత వరకు నేలను ఆనుకొని ఉన్న టైరు భాగాన్ని మళ్ళీ కడగాలి. ఈ చివరి పని చేసేవారు అరుదు.

రేడియేటరు రెక్కల మధ్య చిక్కుకొన్న విత్తనాలను లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో తొలగించాలి. పీడన ధారను చక్రపు బేరింగుల సీళ్ళకు, రబ్బరు బూట్లకు, విద్యుత్ కనెక్టర్లకు దగ్గరగా గురిపెడితే నీటితో పాటు సన్నని మట్టి లోపలికి దూరుతుంది. కనీసం అడుగున్నర దూరం పాటించడం మంచిది. వేడిగా ఉన్న ఇంజను మీద చల్లని నీరు పోయకూడదు. వాహనం అడుగున సైలెన్సర్ గొట్టం చుట్టూ పట్టుకొన్న ఎండు గడ్డిని తీసివేయడం శుభ్రతకే కాదు, అగ్నిప్రమాద నివారణకు కూడా అవసరం. చక్రం లోపలి అంచున ఒక పక్కనే మట్టి మిగిలితే బాహ్యవలయ రహదారి వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. యజమాని దానిని అలైన్‌మెంట్ లోపంగా భావించి మెకానిక్ వద్దకు పరుగెత్తుతాడు. బయలుదేరిన వెంటనే రెండు మూడు సార్లు తేలికగా బ్రేకు నొక్కి తడి ఆర్చుకోవాలి.

కడిగిన నీరు

సాధారణ రబ్బరు గొట్టం నిమిషానికి 10 నుంచి 15 లీటర్ల నీటిని, గృహవినియోగ పీడన యంత్రం 6 నుంచి 8 లీటర్లను వదులుతుంది. పావుగంట పనికి మొదటిది 150 నుంచి 225 లీటర్లు, రెండవది 90 నుంచి 120 లీటర్లు. హైదరాబాద్ కుళాయిలలోని నీటిలో అధిక భాగం కృష్ణా, గోదావరి, మంజీరాల నుంచి ఎంతో దూరం పంపులతో ఎత్తిపోసి తెచ్చినది. ఐటీ కారిడార్‌లో వేసవి వస్తే ట్యాంకర్ల బారులు తెలిసినవే. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా విధించే ఆదేశం వచ్చింది.

నీటి పరిమాణం కంటే నీటిలోని మట్టి పెద్ద సమస్య. మృత్తికా విశ్లేషణ ప్రయోగశాలలో పిపెట్ పద్ధతి చేసిన విద్యార్థులకు తెలుసు, రెండు మైక్రాన్ల రేణువు పది సెంటీమీటర్లు దిగడానికి 20 డిగ్రీల వద్ద సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. దిగే వేగం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక 0.2 మైక్రాన్ల రేణువుకు అదే దూరం దిగడానికి నెల రోజులు కావాలి. మాంట్‌మొరిల్లొనైట్ రేణువులు చాలావరకు ఈ సూక్ష్మ తరగతికి చెందినవి. సర్వీసింగ్ కేంద్రపు చిన్న గుంతలో ఇసుక నిలుస్తుంది, బంకమన్ను నిలవదు. అది నాలా గుండా దిగువ చెరువుకు చేరుతుంది.

ఇందులో సబ్బు పాత్ర ఆశ్చర్యకరమైనది. నేలలోని బంకమన్ను రేణువులను విడదీయడానికి ప్రయోగశాలలో సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలుపుతారు. సోడియం, ఫాస్ఫేట్ గల డిటర్జెంటు మురుగు గుంతలో అదే పని చేస్తుంది, రేణువులు గుంపు కట్టకుండా నీటిలోనే తేలియాడతాయి. బోరు నీటిలోని కాల్షియం ఇందుకు వ్యతిరేకంగా రేణువులను గుంపుగా చేర్చి దించుతుంది. పటిక పని కూడా అటువంటిదే. మన పెద్దలు బురద నీటి కుండ లోపల చిల్లగింజను అరగదీసి నీరు తేర్చుకొనేవారు. కాబట్టి మట్టిని ముందు మామూలు నీటితో పూర్తిగా తొలగించి, ఆ నీటిని వేరే గుంతలో తేరనిచ్చి, ఫోమ్ వాష్ ఏదైనా ఉంటే ఆ తరువాత విడిగా చేయడం యుక్తం.

సరదా కోసం వాగులోకి వాహనం దించి కడగడం సాధారణంగా కనిపించే దృశ్యం. మూసీ అనంతగిరి కొండలలో పుట్టి, 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్‌ను చేరుతుంది. ఈసీ 1927 నాటి హిమాయత్‌సాగర్‌ను నింపుతుంది. వికారాబాద్, చేవెళ్ళ వైపు వాగులో కలిసిన నూనె, సబ్బు ఆ జలాశయాల పరీవాహక ప్రాంతంలో కలిసినట్లే. 1996 నాటి 111వ నంబరు ఉత్తర్వు చుట్టూ దశాబ్దాలుగా సాగిన వాదోపవాదాలలో పరిశ్రమలు, కట్టడాల ప్రస్తావనే ఎక్కువ. ఆదివారం వాగులో కడిగే కారు ఎవరి లెక్కలోకీ రాలేదు.

విస్తరణ వాహనానికి వర్తింపు

క్షేత్ర సందర్శన పట్టికను సాధారణంగా దూరాన్ని బట్టి తయారు చేస్తారు. దానిని ఆరోగ్యాన్ని బట్టి తయారు చేయడానికి అదనపు ఖర్చు లేదు. విత్తనోత్పత్తి క్షేత్రాలు, నర్సరీలు, పాలీహౌస్‌లు ఉదయం, మామూలు చేలు ఆ తరువాత, తెగులు ఉందని కబురు వచ్చిన చేలు అన్నిటికంటే చివర. వాహనాన్ని గట్టి బాట మీదే ఆపి చేనుకు నడిచి వెళితే కడగవలసింది చెప్పుల వరకే మిగులుతుంది. అలా వీలు కాని వానకాలపు రోజుల కోసం జీపులో ఒక చెక్క బద్ద, గట్టి కుచ్చు బ్రష్, పాత ఖుర్పీ, కలుపు మందుకు ఎన్నడూ వాడని ఒక 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ ఉంచుకోవచ్చు. మోటు మట్టిని ముందే గీకివేస్తే రెండు ట్యాంకుల నీటితో నాలుగు చక్రాలూ తేరుతాయి. స్ప్రేయర్ మీద 'నీటికి మాత్రమే' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంచడం మంచిది, లేకుంటే హడావుడి రోజున అది తప్పక మందు చల్లే పనిలోకి పోతుంది.

తెగులు సోకిన చేలో తీసిన నేల నమూనాలు, పీకిన మొక్కలు సంచిలో మూతి బిగించి రావాలి. సీటు కింద విప్పి పెట్టిన ఎండు తెగులు కందిమొక్క, చక్రాలు ఎంత శుభ్రంగా కడిగినా, దారి పొడవునా మట్టి రాలుస్తూనే ఉంటుంది. అద్దె వాహనం డ్రైవరుకు ఈ పని తన బాధ్యత కాదనిపించడం సహజం, దిగి మొదటి చక్రాన్ని శాస్త్రవేత్తే గీకడం మొదలుపెడితే రెండవ చక్రం దగ్గరికి డ్రైవరు వస్తాడు. గట్టు మీద నిలబడిన రైతు అప్పుడే ఎందుకని అడుగుతాడు, కంది ఎండు తెగులు గురించి చెప్పవలసిన మాటలు ఆ ప్రశ్నకు సమాధానంగా చెప్పవచ్చు.